నాన్నని కూర్చోబెట్టి తప్పు చేశాం

మా కొట్లో పావుకిలో కందిపప్పు కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి తూస్తే 250 గ్రాములు ఉండదు. 270 ఉంటుంది, ఒక్కోసారి 280 కూడా. మా వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఒకరిద్దరు ఎక్కువైన పప్పు గ్లాసులో పోసి తెచ్చి ఇచ్చేస్తారు. మిగతావాళ్ళు ఊరుకుంటారు. ఆ పొట్లాలు కట్టేది మా నాన్న. ఆ పొట్లం దాకా రావడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. అందులో మొదటి నాలుగు నెలలు మేమే చేతులారా పోగొట్టుకున్నాం.

తలకి పెద్ద దెబ్బ తగిలి బతికి బయటపడ్డ మనిషిని మన ఇళ్ళలో చూసుకునే తీరు తప్పని నా అభిప్రాయం. ప్రేమ తక్కువై కాదు. మన లెక్కలో సేవ అంటే మనిషిని కదలనివ్వకుండా అన్నీ మంచం దగ్గరికి తెచ్చి ఇవ్వడం. "వాళ్ళ పిల్లలు ఎంత బాగా చూసుకుంటున్నారో, గ్లాసు కూడా ఎత్తనివ్వరు" అని పదిమందీ అనుకుంటే మన బాధ్యత తీరినట్టు. మమ్మల్నీ అలాగే మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటున్న రోజుల్లోనే నాన్న మా కళ్ళముందే మొద్దుబారిపోతున్నాడు.

నాన్నకి అప్పుడు 61. తెనాలి దగ్గర చిన్న ఊళ్ళో 35 ఏళ్ళుగా కిరాణా కొట్టు. తెల్లవారుజామున మోపెడ్ మీద సరుక్కి వెళ్తూ, అడ్డం వచ్చిన గేదెని తప్పించబోయి పడ్డాడు. హెల్మెట్ లేక కాదు, ఉంది. కొట్లో మేకుకి తగిలించి ఉంది. 2019లో చట్టం మార్చి హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా అన్నప్పుడు కొన్నాడు. అందులో పురికొస ఉండ పెట్టుకునేవాడు, దొర్లిపోకుండా ఉంటుందని. దాని గురించి ఇంతకంటే రాయలేను.

108లో గుంటూరు తీసుకెళ్ళారు. "జీసీఎస్ 9" అన్నారు డాక్టరుగారు. మా తమ్ముడు "ఎంతకండీ?" అని అడిగాడు, పరీక్ష మార్కులు అడిగినట్టు. పదిహేనుకి. జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్, తలకి దెబ్బ తగిలిన మనిషి ఎంత తెలివిలో ఉన్నాడో చూసే కొలత. గ్లాస్గోలో 1974లో ఇద్దరు డాక్టర్లు తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, చేతులూ కాళ్ళూ కదపడానికి 6. ఏమీ చేయలేని మనిషికి కూడా 3 వస్తాయి, సున్నా ఉండదు. ఎనిమిదీ అంతకు తక్కువా అయితే చాలా తీవ్రమైన దెబ్బ కింద లెక్క. మాది ఆ గీతకి ఒక్క మార్కు పైన.

మెదడు పైపొర కింద రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. మెదడు బాగా వాచి ఉండటంతో పుర్రెలో అరచేతంత ముక్క తిరిగి పెట్టకుండా, పొట్ట చర్మం కింద దాచారు. వాపు తగ్గాక, మూడు నెలలకి, మళ్ళీ తెచ్చి అతికించారు. "తల ఎముక పొట్టలో పెట్టడమేమిటే, ఇదెక్కడి వైద్యం!" అని మా మేనత్త గుండెలు బాదుకుంది. నిజానికి అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. సొంత ఒంట్లోనే ఉంటే ఎముక పాడవదు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడైతే నేనూ మేనత్తలాగే ఉన్నాను, పైకి ఏడవలేదంతే.

ఇరవై ఆరో రోజున ఇంటికి పంపించారు. కాగితం మీద "జీసీఎస్ 15/15" అని రాసి ఉంది. ఆ కాగితం ఫొటో తీసి తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరూ దండాలు, పువ్వులు. నూటికి నూరు వచ్చాయి కదా మరి.

ఆ పదిహేనుకి అర్థం మనిషి కళ్ళు తెరిచి ఉన్నాడు, తనెవరో ఎక్కడున్నాడో చెప్తున్నాడు, చెప్పినట్టు చెయ్యి ఎత్తుతున్నాడు అని మాత్రమే. జ్ఞాపకం ఎలా ఉంది, కోపం ఎలా ఉంది, మంచీ చెడూ తేల్చుకోగలడా, లేచి ఒక పని మొదలుపెట్టగలడా, ఇవేవీ ఆ కొలతలో లేవు. అది ప్రాణం నిలబడుతుందా అని చూసే కొలత. దాన్ని మేం మనిషి తిరిగొచ్చినట్టు చదువుకున్నాం. ఇలా చదువుకోకండని మాకెవరూ చెప్పలేదు. మూర్ఛ రాకుండా మాత్రలు, రెండు వారాలకి మళ్ళీ రండి, ఫిజియోథెరపీ చేయించండి, విశ్రాంతి ఇవ్వండి. అంతే. ఆ చివరి మాటని మేం వేదవాక్కులా పట్టుకున్నాం.

ఇంటికొచ్చిన వారానికి అమ్మ పులిహోర కలిపి ఇంగువ వేసింది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంగువ పాతది. వాడు మళ్ళీ కల్తీ సరుకు అంటగట్టాడు" అన్నాడు. ఇంగువ కొత్తదే, ఇల్లంతా ఘాటుగా ఉంది. ధనియాలు నలిపి వాసన చూసి ఏ ఊరి సరుకో చెప్పే మనిషికి వాసన మొత్తం పోయింది. ముక్కు పైభాగంలో జల్లెడలాంటి ఎముక ఉంటుందట. దాని రంధ్రాల్లోంచి సన్నటి నరాలు మెదడులోకి వెళ్తాయి. తల ఒక్కసారిగా కుదుపుకి లోనైనప్పుడు అవి తెగిపోవచ్చు. అది కూడా సరేననుకున్నాం. నన్ను భయపెట్టింది వేరే. వాసన పోయింది తనకేనని నాన్నకి తట్టనే లేదు. ఆయన దృష్టిలో తను బాగానే ఉన్నాడు, సరుకే పాడైంది. దెబ్బ తిన్న మెదడు తన దెబ్బని తను చూసుకోలేకపోవచ్చని చాలా తర్వాత తెలిసింది. అప్పటికి మేం ఆయనతో ఇంగువ గురించి అరగంట వాదించాం. పైగా డబ్బా తెచ్చి ముక్కు దగ్గర పెట్టాం కూడా. ఎంత అన్యాయం చేశామో.

చూడ్డానికి వచ్చేవాళ్ళది ఇంకో గోల. ప్రతివాళ్ళూ మంచం పక్కన నిలబడి "నేనెవర్నో చెప్పుకోండి చూద్దాం" అంటారు. చెప్తే చప్పట్లు. చెప్పలేకపోతే మా వైపు తిరిగి, ఆయనకి వినపడేలాగే, "అయ్యో, గుర్తులేనట్టుందమ్మా" అంటారు. నాన్న వాళ్ళని సంతోషపెట్టడానికి ఏదో ఒక పేరు చెప్పేవాడు. "నిన్న గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళొచ్చాను, రేటు పడిపోయింది" అని టిక్కీ (మిర్చి బస్తా) ధరతో సహా చెప్పేవాడు. మంచం దిగలేదు మనిషి. అబద్ధం కాదది. జ్ఞాపకంలో ఖాళీ ఉంటే మెదడు తనంతట తను పూడ్చుకుంటుంది, చెప్పే మనిషికి అది నిజమే. మీరు ఇలాంటి ఇంటికి వెళ్తే దయచేసి పరీక్షలు పెట్టకండి. "బావగారూ, నేను మీ చిన్న తోడల్లుణ్ణి, రేపల్లె నుంచి వచ్చాను" అని ముందే చెప్పేయండి. పోయేదేం లేదు.

ఇక మా సేవ. అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది, కుడిచెయ్యి శుభ్రంగా పనిచేస్తున్నా. తమ్ముడు సెలవు పెట్టి వచ్చి స్నానం చేయించేవాడు. ముందుగదిలో మంచం, ఎదురుగా టీవీ, పొద్దున్నించి రాత్రి దాకా మోగుతూ. కొట్టుకి తాళం. "నువ్వేం ఆలోచించకు నాన్నా, మేమున్నాం" అని రోజుకి పదిసార్లు. నాన్న సరే అనేవాడు. అన్నిటికీ సరే. ఆకలేస్తోందా అంటే ఊ అంటాడు, అడక్కపోతే సాయంత్రమైనా అడగడు. స్నానానికి లే నాన్నా అంటే సరేనంటాడు, గంట తర్వాత చూస్తే అక్కడే కూర్చుని ఉంటాడు. పాపం నీరసం అనుకున్నాం. బద్ధకం అన్నాడు ఒక బంధువు, మెల్లగా.

రెండూ కాదు. ఒక పనిని మొదలుపెట్టడం కూడా మెదడు చేసే పనే. నుదుటి వెనకున్న భాగం దెబ్బతింటే మనిషికి పని చేతనవుతుంది కానీ మొదలుపెట్టడం చేతకాదు. బండి బాగానే ఉంటుంది, తాళంచెవి తిరగదు. అలాంటి మనిషికి అన్నీ మేమే చేసిపెట్టి, ఏదీ మొదలుపెట్టే అవసరమే రాకుండా చేశాం. దెబ్బ ఏం తీసుకుందో, మా సేవ సరిగ్గా అదే తీసుకుంది.

నాలుగో నెలలో విజయవాడలో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళాం, అంటే రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పేవాళ్ళు. పాతికేళ్ళు ఉంటాయేమో ఆ అమ్మాయికి. ఫైలు పక్కన పెట్టి, "అంకుల్ ఏం పని చేసేవారు?" అని అడిగింది. అప్పటిదాకా ఎంతమంది డాక్టర్లని చూశామో, ఎవరూ అడగని ప్రశ్న. మేం కూడా ఎవరికీ చెప్పలేదు, అవసరమనిపించక. చెప్పాం. "అయితే ఈసారి పాత పేపర్లు, పురికొస, కాసిన్ని పప్పులు తీసుకురండి" అంది.

తీసుకెళ్ళాం. ఆ రోజు పొద్దున ఏం టిఫిన్ తిన్నాడని అడిగితే నాన్న చెప్పలేకపోయాడు. పేపరు చేతికివ్వగానే దాన్ని మడిచి, గోటితో గీసి, చించి, గరాటాలా చుట్టి, పప్పు పోసి, పైన మడతలు దోపి, పురికొస రెండు చుట్లు తిప్పి, వేలికి మెలేసి పుటుక్కున తెంపాడు. పది సెకన్లు పట్టిందో లేదో. "ఇంకోటి కట్టనా?" అన్నాడు. దెబ్బ తగిలాక ఆయన తనంతట తను అడిగిన మొదటి మాట అది. అమ్మ బయటికి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి చెప్పింది నాకు అర్థమైనంత మటుకు ఇది: నిన్న ఏం జరిగిందన్న జ్ఞాపకం ఒకచోట ఉంటుంది, చేతికి అలవాటైన విద్య ఇంకోచోట. కణతల లోపలి భాగం దెబ్బతింటే మొదటిది పోతుంది. రెండోది మెదడు అడుగున, వెనక వేరే చోట్ల ఉంటుంది కాబట్టి చాలాసార్లు మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని పట్టుకుని మిగతావి లాక్కురావాలి. తెగిన దారి పక్కన మెదడు కొత్త దారి వేసుకోగలదు, కానీ నడిస్తేనే దారి పడుతుంది. మేం ఎత్తుకుని తిప్పినంతకాలం పడదు.

మొదటి వారాల్లో విశ్రాంతి అక్కర్లేదని నేననడం లేదు. కళ్ళు తెరిచినా మనిషిని గుర్తుపట్టని స్థితిలో ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళ ఇళ్ళూ నాకు తెలుసు. వాళ్ళకి నా పొట్లం కథ చెప్పి నీతులు వల్లించను. నేను మాట్లాడేది మా నాన్నలాంటి వాళ్ళ గురించి. నడుస్తారు, మాట్లాడతారు, "బాగానే ఉన్నాడుగా" అనిపిస్తారు, లోపల సగం ఇల్లు ఖాళీగా ఉంటుంది.

కొట్టు మళ్ళీ తెరుద్దామంటే ఇంట్లో పెద్ద గొడవే అయింది. "తలకి ఆపరేషన్ అయిన మనిషి చేత పని చేయిస్తారా? ఊళ్ళో ఏమనుకుంటారు?" అన్నాడు తమ్ముడు. ఊళ్ళో అనుకున్నారు కూడా. ఇద్దరు పిల్లలు సంపాదిస్తూ ముసలాయన్ని కొట్లో కూర్చోబెట్టారన్నారు. అమ్మ భయం వేరు. "చిల్లర లెక్క తప్పితే పిల్లలు నవ్వుతారే. ఆయన పరువు పోతే నేను చూడలేను." ఈ మాటకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. నవ్వారు. రెండో వారంలో ఒక కుర్రాడు రెండు వందల నోటిచ్చి ఐదు వందలకి చిల్లర పట్టుకుపోయాడు. 35 ఏళ్ళలో గొంతెత్తని మనిషి, బియ్యం రేటు రెండోసారి అడిగిందని ఒకావిణ్ణి నానా మాటలూ అన్నాడు. ఆవిడ మళ్ళీ రాలేదు. నేను వెళ్ళి క్షమాపణ చెప్పినా రాలేదు. ఆవిడది తప్పనను.

కాబట్టి గీతలు గీసుకున్నాం. స్టవ్ ముట్టుకోకూడదు, వాసన తెలియని మనిషికి గ్యాస్ లీకయినా తెలియదు. బండి తాళంచెవి దాచేశాం. పెద్ద నోట్లు అమ్మ దగ్గరికి. కొట్టు పది నుంచి పన్నెండు దాకా మాత్రమే, బేరాలు తక్కువ ఉండే వేళ. ఈ మెదడుకి అలుపు ఎంత తొందరగా వస్తుందో చూస్తేగాని నమ్మలేం. రెండు గంటలు దాటితే మాట తడబడుతుంది, కోపం వస్తుంది. కుక్కరు కూత, టీవీ, ఇద్దరి మాటలు ఒకేసారి వినపడితే ఇంక అంతే. టీవీ తీసేసి లోపలి గదిలో పెట్టాం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగడం నేర్చుకున్నాం. తెలుగు ఇంట్లో ఇది ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున చేయాల్సినవి వరసగా గోడ మీద పలక కట్టి రాశాం: పళ్ళు, కాఫీ, మాత్ర, స్నానం, దేవుడు, కొట్టు. మొదట్లో ఒక్కోటీ వేలుపెట్టి చూపించాల్సి వచ్చేది. తర్వాత తనే వెళ్ళి చూసుకునేవాడు.

తల దెబ్బల గురించి చదివినవాళ్ళకి ఫినియాస్ గేజ్ పేరు తగలకుండా ఉండదు. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు దారి కోసం బండలు పేలుస్తుంటే, ఆరు కిలోల ఇనప కడ్డీ ఎడమ చెంపలోంచి దూరి నడినెత్తిన బయటికొచ్చింది. మనిషి బతికాడు. బతికాక బూతులు, మొండితనం, నిలకడలేనితనం. స్నేహితులు "వాడిక గేజ్ కాదు" అన్నారని వైద్యం చేసిన డాక్టరు రాశాడు. కథ అక్కడితో ఆపేస్తారు అందరూ. ఆ తర్వాత అతను చిలీ వెళ్ళి దాదాపు ఏడేళ్ళు గుర్రపు కోచ్‌లు నడిపాడు. వేళకి లేవాలి, గుర్రాలు కట్టాలి, ప్రయాణికులతో మర్యాదగా ఉండాలి, తెలియని దేశం, తెలియని భాష. నిలకడలేని మనిషి చేసే పని కాదది. రోజూ ఒకే క్రమంలో సాగే ఆ పనే అతన్ని మళ్ళీ మనుషుల్లో పడేసి ఉంటుందని కొందరు పరిశోధకులు అంటారు. చివరికి 1860లో మూర్ఛలతో పోయాడు, అదీ నిజమే. కానీ ఆ ఏడేళ్ళు ఎవరికీ ఎందుకు పట్టవు? పోయినదాని మీద ఉన్న ఆసక్తి మనకి తిరిగొచ్చినదాని మీద ఉండదేమో.

ప్రభుత్వానిదీ అదే చూపు. ఇప్పుడు రోడ్డు ప్రమాదాల బాధితులకి నగదు లేకుండా లక్షన్నర దాకా వైద్యం చేసే పథకం ఉంది, 2025లో వచ్చింది. మంచిదే, మాకప్పుడు అది కూడా లేదు. కానీ దాని గడువు ఏడు రోజులు. నాన్నకి ఏడో రోజుకి ఇంకా సరిగ్గా తెలివే రాలేదు. వికలాంగుల సర్టిఫికెట్ కోసం వెళ్తే, "కాళ్ళు ఆడుతున్నాయి, చేతులు ఆడుతున్నాయి, ఏంటమ్మా మీ ఇబ్బంది?" అన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాసి ఉన్నాయి, తల దెబ్బ అన్న పేరు విడిగా లేదు. మిగిలిన లక్షణాలని బట్టి ఏదో ఒక గడిలో ఇరికించుకోవాలి. వైకల్యం నలభై శాతం అని రాకపోతే ఆ కాగితంతో పెద్దగా ఉపయోగం లేదు.

నేను బ్యాంకులో పనిచేస్తాను. ఖాతాదారు సంతకం చేయలేని స్థితిలో ఉంటే వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర, ఇద్దరు సాక్షులతో తీసుకోవచ్చు. అది ఒంట్లో శక్తి లేనివాళ్ళకి. చేసేదేమిటో తెలియనివాళ్ళకి కాదు. "జీపీఏ ఉందండీ" అని, అంటే తన తరఫున వ్యవహారాలు చూడమని రాసిచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకుని, వచ్చేవాళ్ళకి నేనే ఎన్నోసార్లు చెప్పాను: రాసిచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ముగిసిపోతుంది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్. అంటే అవసరం పడ్డ రోజే అది పనికిరాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటి కొన్నిటికి గార్డియన్‌ని పెట్టుకునే వీలు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది, తల దెబ్బకి లేదు. కోమాలో ఉన్నవాళ్ళ విషయంలో చట్టంలో దారే లేదని గమనించి 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. మా నాన్న కోమాలోనూ లేడు, పిచ్చివాడూ కాడు. ఒక పూట అన్నీ తెలుస్తాయి, ఇంకో పూట తెలియవు. ఆ మధ్యలో ఉన్న మనిషికి ఏ గడీ లేదు. కౌంటరుకి ఇవతల కూర్చుని పదేళ్ళు "రూల్స్ ఒప్పుకోవండీ" అన్నదాన్ని, అమ్మని పక్కన పెట్టుకుని అవతల నిలబడ్డాను. అదృష్టం బాగుండి వాళ్ళ ఖాతా ఇద్దరి పేరు మీదా ఉంది. మీ ఇంట్లో లేకపోతే ఈ వారమే ఆ పని చూసుకోండి.

అమ్మ గురించి రాయకుండా ఉండలేను. అమ్మ ఇప్పుడు అలగదు. నలభై ఏళ్ళ కాపురంలో వాళ్ళ మధ్య సగం మాటలు అలకలే. ఈవిడ మూతి ముడుచుకుని వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టడం, ఆయన కొట్లోంచి బెల్లం అచ్చు తెచ్చి పక్కన పెట్టడం. మొన్నొకసారి ఎందుకు మానేశావని అడిగితే, "పొద్దున అలిగితే మధ్యాహ్నానికి ఆయనకి గుర్తుండొద్దూ? గుర్తులేని మనిషి మీద అలిగితే నాకే అన్నం దండగ" అంది. నవ్వుతూనే అంది. మనిషి పక్కనే ఉన్నాడు, దెబ్బలాడుకున్న మొగుడు లేడు. దీనికి పరామర్శకి ఎవరూ రారు. పైగా "ప్రాణంతో దక్కాడు, అంతకంటే ఏం కావాలి?" అంటారు.

పొట్లాల సంగతి. మా నాన్నకి తూచాక చిన్న కొసరు వేసే అలవాటు. పావుకిలో తూచి, త్రాసు దించాక, గుప్పిటతో నాలుగు గింజలు. 35 ఏళ్ళుగా ఉన్నదే. ఇప్పుడు కొసరు వేస్తాడు, వేసిన సంగతి పేపరు తీసేలోగా మర్చిపోతాడు, మళ్ళీ వేస్తాడు. బేరాలు ఎక్కువున్న రోజున మూడోసారి కూడా.

పోయిన నెల తమ్ముడు వచ్చినప్పుడు కొట్టు లెక్కలు చూసి, ఎలక్ట్రానిక్ కాటా కొని ఒక కుర్రాణ్ణి పెడదామన్నాడు. కొసర్ల కిందే నెలకి ఆరేడు వందలు పోతోందని లెక్క వేసి చూపించాడు. అమ్మ పద్దు పుస్తకం మూసేసి, "ఫిజియోథెరపీ వాడికి రెండు రోజులకి ఇచ్చేదానికంటే తక్కువే కదరా. ఉండనీ" అంది.